తొమ్మిది పరుగుల పాఠం

నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవడమంటే ఏమిటో 2017 జులై 23న లార్డ్స్ మైదానంలో భారత మహిళా క్రికెట్ జట్టుకు తెలిసివచ్చింది. ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ నిర్దేశించిన 229 పరుగుల లక్ష్యం అసాధ్యమైనదేమీ కాదు. పూనమ్ రౌత్ 86, హర్మన్‌ప్రీత్ కౌర్ 51 పరుగులు సాధించగా, స్కోరు 191కి చేరేసరికి పడిన వికెట్లు మూడే. మిగిలిన ఏడు వికెట్లూ 28 పరుగుల వ్యవధిలో కూలాయి. ఆన్యా ష్రబ్‌సోల్ 46 పరుగులిచ్చి ఆరు వికెట్లు పడగొట్టింది. హైదరాబాద్ క్రీడాకారిణి మిథాలీ రాజ్ నాయకత్వంలోని జట్టు తొమ్మిది పరుగుల తేడాతో పరాజయం పాలైంది.

మనవారు ఒత్తిడికి తలొగ్గారన్న మాట అర్ధసత్యమే. ఒత్తిడిని జయించడం పుట్టుకతో వచ్చే గుణం కాదు. గట్టి పోటీలలో తరచూ ఆడితేనే అలవడే విద్య. ఇంగ్లండ్ బోర్డు 2014లోనే తమ క్రీడాకారిణులకు పూర్తికాలపు కాంట్రాక్టులిచ్చింది. 2016లో వారికోసం లీగ్ పోటీలు ఆరంభించింది. భారత్‌లో మహిళల క్రికెట్ బోర్డు గొడుగు కిందికి వచ్చిందే 2006లో. లార్డ్స్‌లో ఓడిన జట్టుకు తలా 50 లక్షల రూపాయల నజరానా దక్కింది గానీ, లీగ్ మాత్రం దక్కలేదు.

ఫలితం 2022 ఆగస్టు 7న బర్మింగ్‌హామ్‌లో పునరావృతమైంది. కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఆస్ట్రేలియాపై 162 పరుగుల లక్ష్య సాధనలో రెండు వికెట్లకు 118 పరుగులతో పటిష్ఠంగా ఉన్న భారత్, 152కే కుప్పకూలింది. తేడా మళ్లీ తొమ్మిది పరుగులే కావడం గమనార్హం.

ఆ తర్వాతే బోర్డు మేలుకొంది. 2022 అక్టోబరులో అంతర్జాతీయ మ్యాచ్‌లకు పురుషులతో సమాన ఫీజు ప్రకటించింది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ ప్రారంభించింది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా సారథి లారా వోల్వార్ట్ శతకంతో పోరాడినా భారత జట్టు చలించలేదు. 52 పరుగులతో గెలిచింది. లీగ్‌లో ఆడిన కొద్ది నెలలకే దేశానికి ప్రాతినిధ్యం వహించిన కడప జిల్లా యువతి శ్రీచరణి ఆ జట్టులో ఉండటం యాదృచ్ఛికం కాదు.

అయితే కప్పు చేతికందినంత మాత్రాన కర్తవ్యం తీరిపోదు. విజేతలపై కనకవర్షం కురిపించడం సులువు. జిల్లాలలో బాలికలకు మైదానాలు, శిక్షకులు, ఏటా తగినన్ని పోటీలు సమకూర్చడమే కష్టం. ఆ పనిని వాయిదా వేస్తే తొమ్మిది పరుగుల దూరం మళ్లీ ఎదురుకాక తప్పదు.