ఓటు ఊళ్లో, బతుకు పట్నంలో

2024 మే 13న లోక్‌సభ ఎన్నికల పోలింగ్. దానికి రెండు రోజుల ముందు రాత్రి ఎల్బీ నగర్ చౌరస్తాలో కాలు పెట్టడానికి చోటు లేదు. సంచులు భుజాన వేసుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని జనం వచ్చిన ప్రతి బస్సు వెంటా పరుగెత్తుతున్నారు. ఆ గుంపులో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబమూ ఉంది. వాళ్లది మునుగోడు దగ్గర పల్లె. పదకొండేళ్లుగా మా సెల్లార్ గదిలోనే కాపురం. ఓటు ఇక్కడికే మార్చుకోవచ్చు కదా అని అడిగితే, "ఊళ్లె ఓటు తీసేపిస్తే మమ్ముల ఎవరు గుర్తువడ్తరు సార్?" అన్నాడు.

పల్లెకు చైతన్యం ఎక్కువ, పట్నానికి బద్ధకం ఎక్కువ అని ప్రతి ఎన్నికలప్పుడూ తీర్పు చెప్పేస్తాం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మునుగోడులో పోలింగ్ 91 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లాలో సగానికీ చేరలేదు. లోక్‌సభ ఎన్నికల్లో మునుగోడు ఉన్న భువనగిరి స్థానంలో 76 శాతం, హైదరాబాద్‌లో 48. భువనగిరి 76 శాతంలో మా వాచ్‌మన్ ఉన్నాడు. చట్టం రెండుచోట్ల ఓటు ఒప్పుకోదు. అయినా నగర జాబితాలో పేరు పెట్టుకుని ఊరికి పోయి ఓటేసి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అలాంటివాళ్లు పల్లె శాతాన్ని పెంచుతారు, పట్నం శాతాన్ని తగ్గిస్తారు. మనం రెండు జాతులుగా విడదీసి చూస్తున్నది చాలాచోట్ల ఒకే మనిషిని.

ఆ మనిషి ఊరిని ఎందుకు వదులుకోడు? అర ఎకరం పట్టా, తల్లి పింఛను, కులపోళ్లు అక్కడే ఉన్నారు. అంతకుమించి, అక్కడ పాలన చేతికందే దూరంలో ఉంటుంది. 2018లో తెలంగాణలో 500 జనాభా ఉన్న తండాలు సైతం గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచ్‌ను పేరు పెట్టి పిలుస్తారు, గ్రామసభలో నిలదీస్తారు. హైదరాబాద్‌లోనో? 2020 బల్దియా ఎన్నికల్లో ఉన్నవి 150 డివిజన్లు. 2011 లెక్కల ప్రకారం నగర జనాభా 67 లక్షలు. అంటే ఒక్కో కార్పొరేటర్‌కు సుమారు 45 వేల మంది. గ్రామసభకు రాజ్యాంగంలో చోటుంది. నగరానికి వార్డు కమిటీలే దక్కాయి. బస్తీ జనమంతా కూర్చుని అడిగే వేదిక ఆచరణలో లేదు. అడగడానికి చోటు లేని దగ్గర ఓటు వేయలేదని మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఓటు ఇలా ఊళ్లోనే ఉండిపోయిన ఫలితం రాజకీయాల్లో కనబడుతూనే ఉంది. 2023లో కాంగ్రెస్ 64 స్థానాలతో గెలిచింది. గ్రేటర్ పరిధిలోని 24 నియోజకవర్గాల్లో దానికి ఒక్కటీ రాలేదు. ప్రభుత్వాన్ని పల్లె మార్చింది. పట్నం నుంచి బస్సెక్కి పోయినవాళ్లూ అందులో ఉన్నారు. రుణమాఫీ మీద వాళ్ల మాట చెల్లింది. వాళ్లు కట్టే గది అద్దె, ఇంటి ముందు పొంగే నాలా, అడ్డా మీద దొరకని కూలి మాత్రం ఏ అభ్యర్థి లెక్కలోకీ రాలేదు.

పోలింగ్ అయిన మర్నాడే వాచ్‌మన్ తిరిగొచ్చాడు, వేలి మీద సిరా గుర్తుతో. జూన్ వానకు సెల్లార్‌లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మంచం కింది బియ్యం బస్తా తడిసి ముద్దయింది. మా సంఘం కార్పొరేటర్‌కు ఫోన్ చేసింది, మోటార్లు మునిగిపోతున్నాయని.