తాతయ్య నుదుటి మీద ట్యూబులైటు

మన ఇళ్ళల్లో మూడు తరాల కిందటి వాళ్ళ ఫోటో అంటే చాలామందికి ఒక్కటే కాపీ. తీసిన స్టూడియో ఎప్పుడో మూతబడి ఉంటుంది, నెగెటివ్ సంగతి ఎవరికీ తెలీదు. ఊళ్ళో హాల్లో గోడ మీద, దండేసి, గాజు ఫ్రేములో ఉంటుంది. పండక్కెళ్ళిన మనవలు దాన్ని ఫోనుతో ఓ క్లిక్కు కొట్టి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తారు. చూస్తే తాతయ్య నుదుటి మీద ట్యూబులైటు, కోటు మీద ఫోను పట్టుకున్న మనవడు :)

"ఏముంది, ఏఐతో తీసేద్దాం" అంటున్నారు ఇప్పుడు. నా గోలంతా అక్కడే.

మన భాషలో చెప్పాలంటే, కెమెరాకి చేరేది వెనకున్న బొమ్మ ప్లస్ గాజు మీది ప్రతిబింబం. సమీకరణం ఒకటి, తెలియనివి రెండు. లైటు పడ్డచోట పిక్సెల్ 255 కొట్టేసిందంటే అక్కడ అసలు డేటాయే లేదు. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. వెనకాల పరదాని ఊహిస్తే నాకేం అభ్యంతరం లేదు. కన్నునో, ముక్కునో ఊహిస్తే? అది ఇంకెవరిదో ముఖం. గోడ మీది ఫోటో చెదలు పట్టి పోయాక, మన పిల్లలకి ఆ ఇంకెవరోనే తాతయ్య.

2016లో గూగుల్ వదిలిన ఫోటోస్కాన్ ఆప్ ఈ విషయంలో నయం. ఫోను కదిపిస్తూ వరసగా కొన్ని ఫోటోలు తీయించి, ఒక్కోదాంట్లో మెరుపు ఒక్కోచోట పడుతుంది కాబట్టి, బాగున్న ముక్కలు ఏరి కలుపుతుంది. అంటే సమీకరణాలు పెంచుకుంటుందన్నమాట.

ఫ్రేము విప్పేసి స్కాన్ చేయొచ్చుగా అంటారా? తేమకి పాత ప్రింట్లు గాజుకి అతుక్కుపోతాయి. లాగితే ముఖమే ఊడొస్తుంది. అలా అతుక్కుని ఉంటే ముట్టుకోకండి, గాజులోంచే తీయాలి.

అదేమంత కష్టం కాదు. మామూలు గాజు ఒక్కో వైపు దాదాపు 4 శాతం, రెండు వైపులా కలిపి 8 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. గాజుకి ఎదురుగా ఉన్నది చీకటైతే, వెనక్కొచ్చేదీ చీకటే. కాబట్టి:

- దండ తీసి ఫ్రేముని కిందకి దించండి. కిటికీ వెలుతురు పక్కనుంచి, ఏటవాలుగా పడేట్టు పెట్టండి.
- ఫ్లాష్, ట్యూబులైటు, టీవీ అన్నీ ఆపండి.
- ఫ్రేముకి ఎదురుగా నల్లబట్ట అడ్డం పట్టించి, సందులోంచి లెన్స్ ఒక్కటే బయటపెట్టండి. ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుంటే నల్లపంచె రెడీగా ఉంటుంది :)
- కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో, నిటారుగా తీయండి.

పోలరైజర్ ఫిల్టర్ కొనమని కొందరు చెప్తారు. గాజు మీది మెరుపుని అది బాగా ఆపేది, గాజుకి లంబంగా గీసిన గీత నుంచి 56 డిగ్రీలు పక్కకి జరిగి చూసినప్పుడు. ఎదురుగా నిలబడి తీసేటప్పుడు ప్రతిబింబాన్ని అది తగ్గించదు. ఈ పనికి ఆ డబ్బులు దండగ.

అంతా కలిపి పావుగంట పని. ఆ తర్వాత గీతలూ మరకలూ చెరపడానికి ఏఐని వాడుకోండి, నేనేం అనను. కానీ ముట్టుకోని ఒరిజినల్ ఫైలుని విడిగా, రెండు చోట్ల దాచండి. గ్రూపులో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, క్వాలిటీ పోదు. ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేస్‌కి బ్యాకప్ లేదంటే మనమెవరం నిద్రపోం కదా. ఇంట్లో ఉన్న ఆ ఒక్క కాపీకీ అదే రూలు పెట్టుకుందాం.