వెయ్యి మంది బతికారట!

మా వీధిలో ఏడేళ్ళ పిల్లాణ్ణి కుక్క కరిచింది. పిక్క మీద పంటిగాట్లు, రక్తం. నేను వెళ్ళేసరికి వాళ్ళ నాయనమ్మ గాయానికి కారం, సున్నం పట్టించి, పక్క ఊళ్ళో పసరు మందు ఇచ్చే పెద్దాయన దగ్గరికి బయలుదేరుతోంది. "ఆసుపత్రికి తీసుకెళ్దాం పెద్దమ్మా" అన్నాను. "ఆయన వెయ్యి మందికి మందిచ్చాడు నాయనా, ఒక్కళ్ళూ పోలేదు" అంది.

ఈ మాట వింటే మన హేతువాదులు చాలామంది నవ్వేస్తారు. నేను నవ్వను. ఆ పెద్దాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన మందు తిన్నవాళ్ళలో చాలామంది నిజంగానే బతికారు. కానీ అసలు ప్రశ్న వేరు. ఆ మందు తినకపోతే వాళ్ళలో ఎంతమంది చనిపోయేవాళ్ళు?

కరిచిన ప్రతి కుక్కకీ రేబిస్ ఉండదు. బెదిరినా, తోక తొక్కినా, తన పిల్లల జోలికి వెళ్ళినా కుక్క కరుస్తుంది. రేబిస్ లేని కుక్క కరిస్తే పసరు తాగినా, మజ్జిగ తాగినా రేబిస్ రాదు. రేబిస్ ఉన్న కుక్క కరిచినా కొందరు ఏ మందూ లేకుండానే తప్పించుకుంటారు. గాయం ఎక్కడ, ఎంత లోతు, చొంగ ఎంత లోపలికి వెళ్ళింది అన్నదాన్నిబట్టి ఉంటుంది. వీళ్ళంతా పెద్దాయన ఖాతాలో పడతారు.

మిగిలినవాళ్ళ సంగతేమిటి? జబ్బు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అప్పుడు రోగిని పట్నం ఆసుపత్రికి తీసుకుపోతారు. ఆ చావు కబురు పెద్దాయనకు చేరదు. చేరినా "పత్యం తప్పాడు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. బతికితే మందు గొప్ప, చస్తే రోగి తప్పు. ఓటమే లేని ఆట ఇది!

"మరి మీ టీకా గొప్పతనం కూడా ఇంతే కదా?" అని ఒక భావవాద మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఇరాన్‌లో దొరికింది. రేబిస్ ఉందని పరీక్షల్లో తేలిన కుక్కలు, తోడేళ్ళు కరిచిన 45 మందికి అక్కడ కొత్త టీకా, దాదాపు అందరికీ సీరం కూడా ఇచ్చారు. ఒక్కరూ చనిపోలేదు. ఆ ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. ఏ కుక్క కరిచిందో తెలియని వెయ్యి మంది కంటే, రేబిస్ ఉన్న జంతువు కరిచిందని తెలిసిన ఈ 45 మంది సాక్ష్యం బరువైనది. శాస్త్రానికీ నమ్మకానికీ తేడా ఇక్కడే ఉంది.

అయితే తప్పంతా నాయనమ్మదేనా? బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం ఆమె తరానికి ఊరికే రాలేదు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లో గానీ ఆపలేదు. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. ఆ సంగతి ఊరూరా చెప్పిందెవరు? మేం వెళ్ళిన ఆసుపత్రిలో టీకా ఉంది గానీ, రక్తం వచ్చిన గాయంలో వేయాల్సిన ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదు, బయట కొనుక్కోమన్నారు. కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు రావాలి. పసరు మందు పెద్దాయన మాత్రం ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు, డబ్బూ అడగడు. మూఢనమ్మకాన్ని తిట్టే మనం ఈ లోటును కూడా అంత గట్టిగా ప్రశ్నించాలి.

కుక్కల్ని చంపితే పోతుందనే వాళ్ళూ ఉన్నారు. అదీ ఓ నమ్మకమే. చంపిన చోటికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. 70 శాతం కుక్కలకు టీకాలు వేస్తే జబ్బు వాటిలోనే ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనిషి ఆరోగ్యం ఆ కుక్క ఆరోగ్యంతో ముడిపడి ఉంది.

ఆ రోజు కారం, సున్నం కడిగేసి, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగాం. టీకా విడతలన్నీ పూర్తి చేయించాం. నాయనమ్మ పసరూ తాగించింది, పత్యమూ పెట్టింది. పిల్లాడు ఇప్పుడు బడికి పోతున్నాడు.

పెద్దాయన లెక్కలో ఇప్పుడు వెయ్యిన్నొక్క మంది.