వికెట్లు తీసేవాడా? పరుగులు ఆపేవాడా?

కాలేజీ జట్టు ఎంపిక దగ్గర పడిందంటే హాస్టల్లో ఒకటే చర్చ. "ఎవడు ఫాస్టుగా వేస్తాడు? ఎవడు ఎన్ని వికెట్లు తీశాడు?" ఎన్ని పరుగులిచ్చాడని అడిగే నాథుడు లేడు. ఈ ధోరణి సరైనది కాదని నా అభిప్రాయం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరిలో ఆత్మకూరు కుర్రాళ్ళతో ఇరవై ఓవర్ల పందెం ఆడాం. మావాళ్ళు నలుగురు ఫాస్టు బౌలర్లను దించారు. అయిదు ఓవర్లలో నాలుగు వికెట్లు పడ్డాయి. దుర్గం కొండకు వినబడేటట్లు ఈలలు! ఆ తర్వాత? అదే జోరున వేసిన బంతులు బ్యాటు అంచు తగిలి బౌండరీ దాటాయి. వైడ్లకు లెక్కే లేదు. మూడు బంతులు మిగిలుండగానే ఆత్మకూరు వాళ్ళు గెలిచారు. నిదానంగా, ఒకే చోట బంతి వేయగల మా స్పిన్నరు మాత్రం చింతచెట్టు కింద కూర్చొని స్కోరు వ్రాస్తున్నాడు. ఆ స్పిన్నర్ని నేనే! స్వార్థంతో వ్రాస్తున్నానని అనుకోకండి. పెద్ద ఆటల లెక్కలే చూడండి.

1983 జూన్ 22న మాంచెస్టరులో ప్రపంచకప్ సెమీఫైనల్. ఇంగ్లాండు మొదటి వికెట్టుకే 69 పరుగులు చేసింది. తర్వాత మొహిందర్ అమర్‌నాథ్, కీర్తి ఆజాద్ ఇద్దరూ కలిసి 24 ఓవర్లు వేసి 55 పరుగులే ఇచ్చారు. తీసిన వికెట్లు మూడే. కాని ఇంగ్లాండు 60 ఓవర్లలో 213కే ఆలౌటయింది. స్కోరుబుక్కులో వికెట్టు ఒకడి పేరున పడుతుంది గాని, బ్యాట్స్‌మన్ తొందరపడేటట్లు చేసినవాడు చాలాసార్లు రెండో వైపున ఉంటాడు.

అలాగని అందరూ పరుగులు ఆపేవాళ్ళే అయినా ప్రమాదమే. వికెట్లు చేతిలో ఉన్న జట్టు చివరి పది ఓవర్లలో చితకబాదుతుంది. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియాకప్ ఫైనల్లో మన హైదరాబాదు సిరాజ్ 7 ఓవర్లలో 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. శ్రీలంక 50కే ముగిసింది. అలాంటివాడు ఉండవలసిందే. కాని రోజూ అలాంటి రోజు రాదు గదా!

50 ఓవర్ల ఆటలో ఒక్కొక్కరు 10 ఓవర్లకు మించి వేయరాదు. అంటే కనీసం అయిదుగురు కావాలి. కొత్తబంతితో వికెట్ల కోసం ఇద్దరు, మధ్య ఓవర్లలో కట్టడి చేయడానికి ఇద్దరు, అవసరాన్ని బట్టి రెండు పనులూ చేయగల ఆల్‌రౌండర్ ఒకడు. పిచ్‌ను, ఎదుటి జట్టును చూసి ఈ లెక్క అటూయిటూ మార్చుకోవచ్చు.

మాది మెట్ట సేద్యం. మా నాయన అంటాడు: "ఒరే, మడక ఎంత లోతుగా తోలినా గట్టు తెగితే పదును నిలవదు. గట్టు ఎంత బాగున్నా దున్నకపోతే గింజ మొలవదు." బౌలింగూ అంతే.

ఎంపిక చేసే పెద్దలకు ఒక్క మనవి. వికెట్లతోబాటు పరుగు రాని బంతులు కూడా లెక్క వ్రాయించండి. పల్లెల నుంచి వచ్చిన, కాళ్ళకు బూట్లు కూడా లేని కుర్రాళ్ళలో ఇలా కట్టడిగా వేసేవాళ్ళు ఎంతమందో ఉన్నారు. వేగం కంటికి కనబడుతుంది. కుదురు లెక్కలోనే కనబడుతుంది. ఈ ఏడు ఆ లెక్క కూడా చూసి జట్టును వేస్తారని ఆశిస్తున్నాను.