బర్డ్ ఫ్లూను తట్టుకునే కోడి వస్తుందా?

గత 2025 జనవరిలో మన చంద్రపూర్ జిల్లాలోనే, బ్రహ్మపురి తాలూకా మాంగ్లీలో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని ఉభయ గోదావరి జిల్లాల్లో, వేల్పూరు, కానూరు వైపు గుడ్ల ఫారాలకు అదే జబ్బు వచ్చింది. జబ్బు తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చేస్తారు. బాగున్న కోడి కూడా అందులో పోతుంది. పరిహారం వస్తుంది గానీ, ఫారం మళ్లీ గుడ్డు పెట్టడానికి నెలలు పడుతుంది.

మరి జబ్బు రాని కోళ్లనే పెంచుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. కొన్ని జబ్బుల్లో ఇది కొంత కుదిరింది. కోళ్ల కాళ్లు పడిపోయే మారెక్స్ జబ్బు కూడా వైరస్‌దే. బి21 అనే జన్యు రకం ఉన్న కోళ్లు దాన్ని బాగా తట్టుకుంటాయి. అలాంటి కోళ్లను ఏరి పిల్లలు తీయించవచ్చు. అయినా టీకా మానలేదు.

బర్డ్ ఫ్లూ అంత సులువుగా లొంగదు. వైరస్ తనంతట తాను పెరగలేదు, కోడి కణంలోని ఏఎన్‌పీ32ఏ అనే ప్రోటీన్‌ను వాడుకుంటుంది. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు ఆ జన్యువును కొద్దిగా మార్చి, 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు మోతాదులో వైరస్ ఇస్తే పది కోళ్లలో తొమ్మిదికి సోకలేదు. వెయ్యి రెట్లు ఇస్తే మాత్రం పదిలో ఐదింటికి సోకింది. పైగా వైరస్ తానూ మారి, అదే కుటుంబంలోని వేరే ప్రోటీన్లను పట్టుకుంది. తలుపుకు తాళం వేస్తే కిటికీలోంచి దూరినట్టు అన్నమాట. అందుకే ఒక్క జన్యువు చాలదు, మూడింటినీ మార్చాలి అంటున్నారు. అలా మార్చినా కోడి ఆరోగ్యంగా ఉంటుందా అన్నది ఇంకా తేలాలి.

సగం తట్టుకునే కోడితో ఇంకో చిక్కుంది. అది పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వైరస్ మారుతూ ఉండొచ్చు. కాబట్టి ఆ కోడి వచ్చేదాకా, వచ్చాక కూడా, మన జాగ్రత్తే ముఖ్యం.

ఇంట్లో కోళ్లున్నవాళ్లు ఒక్కసారిగా కోళ్లు చనిపోతే దాచకండి, అమ్మకండి. పశువైద్యశాలకు చెప్పండి. పిల్లలూ, చచ్చిన పక్షిని చేత్తో ముట్టుకోవద్దు. గుడ్డు, మాంసం బాగా ఉడికితే భయం లేదు.