ఇథనాల్ పెట్రోలు: స్ప్రేయర్ ఇంజను పాడవకుండా జాగ్రత్తలు

2025 నాటికి బంకు పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. చెరకు, నూకలతో పాటు మొక్కజొన్న నుంచీ దీన్ని తీస్తారు కాబట్టి మన పంటకు గిరాకీ పెరిగితే మేలే. కానీ ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఉద్దానం, భోగాపురం వంటి తీర ప్రాంతాల్లో వానాకాలం నిల్వ పెట్రోలులో నీరు చేరితే, ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగుతుంది. అందులో టూటీ ఆయిల్ కలవదు. అది ఇంజనులోకి వెళితే పిస్టన్ పట్టేస్తుంది.

నెలకు సరిపడా మాత్రమే కొనండి. డబ్బా మూత గట్టిగా బిగించండి. గాజు సీసాలో పోసి చూడండి, అడుగున వేరే పొర కనిపిస్తే వాడొద్దు. ఉబ్బిన రబ్బరు గొట్టాలు మార్చండి. సీజను ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడపండి. లీటరు పెట్రోలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, మందు కొట్టే అదను పోతే పంటే పోతుంది.