చిట్టెలుకకున్న పాటి విలువ

హైదరాబాదులో ఒక చిట్టెలుక మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని నైతిక కమిటీ ఒప్పుకోవాలి. 1960 నాటి చట్టం ఆ ఎలుకకు అండగా ఉంది. ఉండాల్సిందే. మరి పత్తి చేలో ఆడపిల్ల మీద జరిగే ప్రయోగానికి ఏ కమిటీ ఒప్పుకుంది?

ఎలుక జ్ఞాపకాన్ని ఇలా పరీక్షిస్తారు: తెల్లరంగు కలిపిన గుండ్రటి నీళ్ల తొట్టిలో, నీటి మట్టానికి కాస్త కింద చిన్న పీట దాచి ఎలుకను వదులుతారు. అది ఈది ఈది పీట ఎక్కుతుంది. గది గోడల మీది గుర్తులు చూసి దారి పట్టేస్తుంది. మొదట నిమిషం పట్టిన పని కొన్నాళ్లకు సెకన్లలో అయిపోతుంది. ఆఖర్న పీట తీసేసి, అది ఉన్న చోటే ఎంతసేపు వెతుకుతుందో గడియారం పెట్టి చూస్తారు. 1981లో రిచర్డ్ మోరిస్ చూపిన పరీక్ష ఇది. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు సోకిన ఎలుకలు ఇలాంటి పరీక్షల్లో తడబడ్డాయని ఎన్నో ప్రయోగాలు చెప్పాయి. పురుగు నరాల్లో ఆ మందు అడ్డుకునే ఎంజైమే మన మెదడులోనూ ఉంది. కాలిఫోర్నియా సలీనాస్ లోయలో, కడుపులో ఉండగానే ఈ జాతి మందులు బాగా సోకిన పిల్లలు, అతి తక్కువ సోకిన వాళ్ల కంటే ఏడేళ్ల వయసు తెలివి పరీక్షల్లో సగటున 7 పాయింట్లు వెనకబడ్డారని 2011లో తేలింది.

మరి మన ఆదోని, ఎమ్మిగనూరు సంగతి? విత్తన పత్తిలో క్రాసింగ్ పనికి పిల్లల వేళ్లే కావాలంటారు. సాయంత్రం మొగ్గ ఒలవాలి, పొద్దున్నే పుప్పొడి రాయాలి. పత్తి చెట్టు సరిగ్గా ఆ పిల్ల మొహం ఎత్తు ఉంటుంది. నిన్న మందు కొట్టిన ఆకు ఇవాళ చెంపకు రాసుకుంటుంది. సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయినా అదే వాసన. తిరిగొచ్చి బళ్లో కూర్చుంటే ఎక్కం గుర్తుండదు. ‘బుర్రకెక్కదు’ అని ముద్ర వేస్తారు. బడి మానడం వల్ల కావచ్చు, తిండి చాలక కావచ్చు, మందు వల్ల కావచ్చు. కొలవకుండానే తప్పు పిల్ల నెత్తిన వేసే హక్కు మీకెవరిచ్చారు?

మందు అడ్డుకునే ఆ ఎంజైమ్‌ను, కోలినెస్టరేజ్‌ను, రక్తంలో చూడటం గొప్ప పనేం కాదు. మందు కొట్టే కాలానికి ముందొకసారి, నడిమధ్యన ఒకసారి, ఆదోని, ఎమ్మిగనూరు ఆసుపత్రుల్లోనే చూడండి. బళ్లలో జ్ఞాపక పరీక్షలు పెట్టండి. ఫలితాలు ఊరి పంచాయతీ గోడకు అంటించండి. ఖర్చంతా విత్తన కంపెనీల నుంచి, పురుగుమందుల కంపెనీల నుంచి వసూలు చేయండి.